పద్యమే పలక: గుర్రం జాషువా మాటను నిలబెట్టుకున్న తీరు

రచయితల అలవాట్ల గురించి వ్యాసాలు తరచూ వస్తుంటాయి. ఒకాయన తెల్లవారుజామునే లేచి రాస్తాడు. ఒకావిడ సిరా పెన్ను తప్ప ముట్టదు. ఇంకొకరికి రూళ్లు లేని తెల్ల కాగితమే కావాలి. చదవడానికి సరదాగానే ఉంటాయి. కానీ ఆ వ్యాసాలన్నీ ఒక విషయాన్ని ముందే ఖాయం చేసుకుని మొదలవుతాయి. రాసే మనిషికి ఒక గది ఉంది, ఒక బల్ల ఉంది, కాగితం ఉంది, రాసింది చదివేవాళ్లు ఉన్నారు అని. మన పేటల్లో పుట్టిన రచయితల దగ్గర కథ అంతకంటే చాలా ముందు నుంచి మొదలుపెట్టాలి. పలక ఎవరిచ్చారు? బళ్లో ఎక్కడ కూర్చోబెట్టారు? నోటికి వచ్చిన పద్యాన్ని పదిమందిలో చదవబోతే ఎవరు లేచి ఆపారు? ఇవన్నీ దాటాక కదా పెన్నా, పెన్సిలా అన్న మాట!

ఈ లెక్కన గుర్రం జాషువా జీవితాన్ని మరోసారి చూడాలని మాకు అనిపించింది. ఆయన బిరుదులు, సన్మానాలు అందరికీ తెలుసు. ఏటా జయంతికీ వర్ధంతికీ దండలు పడుతూనే ఉన్నాయి. మాటను పట్టుకుని, నిలబెట్టుకుని, ఎదుటివాడి చెవిదాకా చేర్చడానికి ఆయన ఏ పద్ధతి ఎంచుకున్నారన్నది మాత్రం మనం పెద్దగా మాట్లాడుకోం. కొత్తగా రాయాలనుకునే మన పిల్లలకు పనికొచ్చేది అదే.

జాషువాది వినుకొండ. మేం ఈ వ్యాసం రాస్తున్నది పెద్దాపురం నుంచి. మధ్యలో కృష్ణ, గోదావరి రెండు నదులున్నాయి. అయినా ఈ ఊరి నుంచి ఆయన దగ్గరికి దారులున్నాయి. ఒక దారి ఇక్కడి సంస్థానం నుంచి, ఒకటి మిషన్ బడి నుంచి, ఒకటి రాజమండ్రి సినిమా తెర వెనక నుంచి, ఇంకొకటి జాతర నాటకాల నుంచి పోతుంది. ఆ దారుల్లోనే నడుద్దాం.

పద్యం ఎవరి సొత్తు

పెద్దాపురం ఒకప్పుడు వత్సవాయి వారి సంస్థానం. 18వ శతాబ్దంలో భర్తృహరి సుభాషితాలను తెలుగు పద్యాలు చేసిన ఏనుగు లక్ష్మణకవి ఈ ప్రాంతం వాడే. కవికి సంస్థానం అండ, సంస్థానానికి కవి వల్ల పేరు. ఆ పద్యాలు తర్వాత వీధిబళ్లకు చేరాయి. అర్థం తెలిసినా తెలియకపోయినా పిల్లలు వాటిని వల్లె వేశారు. పుస్తకాలు అరుదైన రోజుల్లో చదువంటే సగం వల్లె వేయడమే. ఇసుకలో అక్షరాలు దిద్దేవారు, నోటితో పద్యాలు అప్పగించేవారు.

ఆ వీధి అరుగుల మీద మాల, మాదిగ పిల్లలకు చోటు లేదు. చోటు లేదంటే అక్షరం ఒక్కటే దూరమైందని కాదు. పద్యం కూడా దూరమైంది. పద్యాన్ని అగ్రవర్ణం తన దగ్గర దాచుకున్న విధం చిత్రంగా ఉంటుంది. అది గాలిలో వినిపించే వస్తువు. చెవి ఉన్న ఎవరైనా పట్టుకోవచ్చు. అందుకే దానికి గోడ కట్టలేక, దాన్ని పలికే నోటికి కట్టడి పెట్టారు.

పద్యం ఎలా పనిచేస్తుందో ఒకసారి చూడండి. ఉత్పలమాల తీసుకుంటే పాదానికి 20 అక్షరాలు. ఏది గురువు, ఏది లఘువు అన్నది ముందే ఖాయం. మొదటి అక్షరానికీ పదో అక్షరానికీ మైత్రి కుదరాలి, అది యతి. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి, అది ప్రాస. చంపకమాలకు 21 అక్షరాలు, యతి పదకొండో అక్షరం దగ్గర. శార్దూలానికి 19, యతి పదమూడో దగ్గర. పండితులు దీన్ని అలంకారంగా, విద్యగా చెబుతారు. మేం ఇంకోలా చెబుతాం. ఇది కాగితం లేనివాడి కాగితం. చెప్పేటప్పుడు ఒక్క మాట జారినా, ఒక అక్షరం ఎక్కువైనా నడక తప్పి చెవికి తెలిసిపోతుంది. ప్రాస చూసుకుని జారిన మాటను మళ్లీ వెతికి పట్టుకోవచ్చు. గణాలు, యతి, ప్రాస కలిసి వేసిన తాళంలో మాట భద్రంగా ఉంటుంది. బల్ల లేకపోయినా, దీపంలో నూనె అయిపోయినా, చేతిలో పని ఉన్నా, దారిన పోతున్నా పద్యం తలలో కట్టుకోవచ్చు, తలలోనే దిద్దుకోవచ్చు.

ఈ సాధనాన్నే జాషువా తన చేతిలోకి తీసుకున్నారు.

వినుకొండ నుంచి

1895 సెప్టెంబర్ 28న గుంటూరు ప్రాంతంలోని వినుకొండలో ఆయన పుట్టారు. తండ్రి వీరయ్య యాదవ, తల్లి లింగమ్మ మాదిగ. కులం దాటి పెళ్లి చేసుకుని క్రైస్తవంలో ఉన్న కుటుంబం. అటు ఊరికీ ఇటు వాడకూ పూర్తిగా చెందని పుట్టుక అది. బళ్లో అడుగుపెట్టిన దగ్గర నుంచీ కులం పేరుతో అవమానం ఎదురైంది. చిన్నప్పుడు బొమ్మలు గీసేవారు, పాటలు పాడేవారు. తర్వాతి కాలంలో రచయితగా పేరు తెచ్చుకున్న దీపాల పిచ్చయ్యశాస్త్రి ఆయనకు బాల్యమిత్రుడు. ఆ స్నేహం వల్ల కవిత్వం మీద ఇష్టం పెరిగింది. జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం నేర్చుకున్నారు. అడ్డం వచ్చినవాళ్లున్నట్టే, చదువు చెప్పినవాళ్లూ ఉన్నారు. ఇద్దరినీ చెప్పుకోవడమే న్యాయం.

వినుకొండలో జరిగిన ఒక అవధాన సభలో కుర్రవాడైన జాషువా పద్యాలు చదివారు. తక్కువ కులంవాడిని సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు గొడవ చేసి అవమానించారు. అవధానమంటే ఏమిటో తెలుసు కదా. కాగితం, కలం లేకుండా, అడిగినవాళ్లకు అడిగిన విషయం మీద అప్పటికప్పుడు పద్యం చెప్పి, చివర అన్నిటినీ మళ్లీ ఏకరువు పెట్టడం. తెలుగువాళ్లు ఎంతో గొప్పగా చెప్పుకునే విద్య. ఆ సభకు కావలసింది ధారణ, గొంతు, ఛందస్సు. ఆ కుర్రవాడి దగ్గర మూడూ ఉన్నాయి. లేనిది కులం. పద్యంలో గణం తప్పిందని ఎవరూ అనలేకపోయారు. మనిషి పుట్టుకలో తప్పు పట్టారు.

అక్కడితో పద్యాన్ని వదిలేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన వదల్లేదు. పద్యాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నారు. ఏ విద్య పేరుతో బయటికి పొమ్మన్నారో ఆ విద్యలోనే వేలు పెట్టి చూపడానికి సందు లేకుండా తయారయ్యారు. ఉభయభాషా ప్రవీణ పట్టా పొందారు.

రాజమండ్రిలో తెర పక్కన గొంతు

1910లో మేరీతో పెళ్లయింది. మిన్నికల్లు బళ్లో ఉపాధ్యాయుడిగా నెలకు మూడు రూపాయల జీతం. ఆ ఉద్యోగం కూడా పోయాక బతుకుతెరువు వెతుక్కుంటూ గోదావరి ఒడ్డుకు వచ్చారు. 1915, 16 సంవత్సరాల్లో రాజమండ్రిలో సినిమా వాచకుడిగా పనిచేశారు.

ఈ పని ఇప్పటివాళ్లకు తెలియదు. అప్పటికి సినిమాకు మాట రాలేదు. తెర మీద బొమ్మలు కదులుతుంటాయి. కథ ఏమిటో, ఆ మనిషి ఏమంటున్నాడో చూసేవాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి. తెర దగ్గర నిలబడి, బొమ్మ నడిచే వేగానికి తగ్గట్టు కథ చెబుతూ, సంభాషణలు పలుకుతూ పోవడమే వాచకుడి ఉద్యోగం.

ఈ పనిని చాలామంది జాషువా పడ్డ కష్టాల జాబితాలో ఒక వరుసగా రాసి ముందుకు పోతారు. మేం ఇక్కడ కాసేపు ఆగాలనుకుంటున్నాం. ఎందుకంటే రాసేవాడికి ఇంతకంటే కఠినమైన బడి ఉండదు. బొమ్మ ఆగదు. మాట తట్టే వరకు కలం నోట్లో పెట్టుకుని కూర్చోవడానికి వీల్లేదు. కొట్టివేసి మళ్లీ రాయడానికీ వీల్లేదు. ఎదురుగా చీకట్లో కూర్చున్నది చదువుకున్న పండితులు మాత్రమే కాదు, టికెట్టు కొనుక్కుని వచ్చిన మామూలు జనం. మాట అర్థం కాకపోతే అక్కడికక్కడే తెలిసిపోతుంది. బరువైన సమాసం ఒకటి వేస్తే, అది పూర్తయ్యేలోపు తెర మీద కథ మారిపోతుంది.

తర్వాత జాషువా పద్యం చదివినవాళ్లకు ఒక విషయం వెంటనే తెలుస్తుంది. వృత్తం కట్టుదిట్టంగా ఉంటుంది, కానీ మాట నలుగురూ వాడే మాట. బొమ్మ కళ్లకు కడుతుంది. అలా రావడానికి ఈ వాచకుడి ఉద్యోగం కూడా ఒక కారణమని మేం నమ్ముతాం. ఆ చీకటి హాల్లో ఇంకో సంగతి కూడా ఉంది. అక్కడ కనిపించేది తెర, వినిపించేది గొంతు. ఆ గొంతుకు కులం ఏమిటని అడిగే తీరిక బొమ్మ చూసేవాళ్లకు ఉండదు.

అదే రాజమండ్రిలో, కొన్నేళ్ల తర్వాత, కుసుమ ధర్మన్న ఇంకో పద్ధతి పట్టారు. ఆయన ఆయుర్వేద వైద్యుడు, దళిత ఉద్యమకారుడు, జయభేరి పత్రిక నడిపినవాడు. తెల్లదొరతనం వద్దంటూ గరిమెళ్ల సత్యనారాయణ పాట ఊరూరా మారుమోగుతున్న రోజుల్లో, 1921లో, ఈ నల్లదొరతనం మాకొద్దని ధర్మన్న పాట కట్టారు. జనం నోట అప్పటికే ఆడుతున్న పాటకు తన మాటతో జవాబు చెప్పారు. అక్షరం రానివాడు కూడా ఆ పాటను ఇంటికి మోసుకుపోగలడు. జాషువాది పద్యం, ధర్మన్నది పాట. ఇద్దరి ముందూ ఉన్న చిక్కు ఒకటే. మన మాటను మన వాళ్లలో చదవలేనివాళ్ల దగ్గరికి, మనల్ని చదవనివ్వని వాళ్ల దగ్గరికి కూడా ఎలా చేర్చాలి? ఇద్దరూ చెవినే నమ్ముకున్నారు.

పక్కనే పోల్చి చూడడానికి కందుకూరి వీరేశలింగం ఉన్నారు. ఆయనదీ రాజమండ్రే. 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టారు. తర్వాత సొంత అచ్చుయంత్రం పెట్టుకున్నారు. తన జీవితాన్ని వచనంలో విపులంగా రాసుకున్నారు. ఆయన చేసిన పనిని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. అచ్చుయంత్రం చేతిలో ఉన్నవాడు వచనం ఎంత పొడుగైనా రాసుకోవచ్చు. అది లేనివాడు మాటను చిన్న మూట కట్టుకుని నోట పెట్టుకోవాలి.

పగలు ఉద్యోగం, మధ్యలో ఖండిక

రాజమండ్రి తర్వాత జాషువా గుంటూరు వెళ్లారు. లూథరన్ చర్చి నడిపే ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లు పనిచేశారు. 1842లో గుంటూరులో మొదలైన లూథరన్ మిషన్ తర్వాత గోదావరి జిల్లాలోకి కూడా వచ్చింది. రాజమండ్రి, సామర్లకోట, మా పెద్దాపురం ఊళ్లలో ఆ మిషన్ బళ్లు వెలిశాయి. వీధి అరుగు దాటనివ్వని పిల్లలకు ఈ బళ్లలో పలక దొరికింది. ఇది చెప్పుకోవాల్సిన మాట. దాంతోపాటు ఇంకో మాట కూడా చెప్పాలి. క్రైస్తవుడై ఉండి పురాణ కథల మీద పద్యాలు రాయడమేమిటని చర్చి వైపు నుంచి కూడా జాషువా మీద ఆక్షేపణ వచ్చింది. ఊరు కులం చూసి తోసింది, చర్చి వస్తువు చూసి ముఖం చిట్లించింది. ఏం రాయాలో చెప్పే హక్కు ఆయన ఇద్దరికీ ఇవ్వలేదు.

1928 నుంచి 1942 వరకు గుంటూరు ప్రభుత్వ ఉపాధ్యాయ శిక్షణాలయంలో తెలుగు పండితుడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో యుద్ధ ప్రచారకుడు. 1957 నుంచి 59 వరకు మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ నిర్మాత. ఈ ఉద్యోగాలన్నీ వరుసగా పెట్టి చూస్తే ఒకటి కనిపిస్తుంది. సినిమా వాచకుడు, పంతులు, ప్రచారకుడు, రేడియో మనిషి. అన్నీ గొంతుతో చేసే పనులే. బతుకుతెరువు కోసం చేసినవే అయినా, ప్రతి ఉద్యోగమూ ఆయన మాటను జనం చెవికి దగ్గరగా ఉంచింది.

ఇలా ఒక ఉద్యోగం నుంచి ఇంకో ఉద్యోగానికి మారుతూ బతికే మనిషికి ఏడాదంతా ఒకే కావ్యం మీద కూర్చునే వీలెక్కడిది? జాషువా రచనల్లో పెద్ద భాగం ఖండకావ్యాలు. ఒక విషయం మీద కొన్ని పద్యాలు కట్టి ముగించడం, మళ్లీ ఇంకో విషయం ఎత్తుకోవడం. ఆ కాలంలో చాలామంది కవులు ఖండిక రాశారు, అది నిజమే. కానీ జీతం కోసం పగలంతా ఖర్చయ్యే మనిషికి సరిపోయే కొలత కూడా అదే. ఈ ఖండికలకు ఆయన ఎంచుకున్న వస్తువులు చూడండి. గిజిగాడు, సాలీడు, శ్మశానం, శిశువు. గిజిగాడి దగ్గర సుత్తి, శానం ఉండవు. ముక్కుతో గూడు అల్లుతుంది. సాలీడు తన కడుపులోంచి దారం తీసి తానే మగ్గమవుతుంది. పరికరాలు లేకుండా పని చేసే ఈ రెండు జీవుల మీదికి ఆయన చూపు పోవడంలో మాకు ఆశ్చర్యమేమీ కనిపించదు.

1932లో ఫిరదౌసి వచ్చింది. పారశీక కవి ఫిరదౌసి ఏళ్లకేళ్లు కూర్చుని షానామా రాశాడు. పద్యానికో బంగారు నాణెం ఇస్తానన్న గజనీ మహమ్మదు, తీరా పని పూర్తయ్యాక వెండి నాణేలు పంపాడని కథ. తప్పు తెలుసుకుని బంగారం పంపేసరికి కవి కన్నుమూశాడు. దీన్ని చాలామంది ఒక రాజు మాట తప్పిన కథగా చదువుతారు. మేం దీన్ని కూలి ఎగ్గొట్టిన కథగా చదువుతాం. పని చేయించుకునేటప్పుడు ఒక మాట, కూలి ఇచ్చేటప్పుడు ఇంకో మాట. మన పెద్దలకు కళ్లాల దగ్గర జరిగింది ఇదే కదా. రాత కూడా పనే, దానికీ కూలి ఉంటుంది, ఆ కూలి ఎగ్గొట్టేవాడు రాజైనా దొంగే అన్న సంగతి తెలుగులో ఇంత గట్టిగా చెప్పిన కావ్యం మరొకటి మాకు తెలియదు.

గబ్బిలం వెళ్లిన చోటు

1941లో గబ్బిలం. మేఘసందేశం పాఠం విన్న పిల్లవాడు పెద్దయ్యాక ఆ పాఠంతో ఏం చేశాడో ఇక్కడ చూడాలి. కాళిదాసు కావ్యంలో యక్షుడు భార్యకు కబురు పంపడానికి మేఘాన్ని బతిమాలతాడు. జాషువా ఆ ఎత్తుగడ తీసుకుని మనిషిని మార్చారు, దూతను మార్చారు, కబురును మార్చారు. కబురు పంపేవాడు ఒక దళితుడు. దూత గబ్బిలం. కబురు చేరవలసింది కాశీ విశ్వనాథుడికి. విరహం పోయి ఆకలి వచ్చింది, అంటరానితనం వచ్చింది.

గబ్బిలమే ఎందుకు? దాన్ని చూస్తే అందరికీ అపశకునం. ఇంట్లోకి వస్తే తరిమేస్తారు. కానీ గుడిలో దానికి అడ్డు లేదు. గర్భగుడి కప్పు కిందే వేలాడుతుంది. మనిషికి లేని ప్రవేశం దానికి ఉంది. కాబట్టి గుళ్లో జనం లేని సమయం చూసి దేవుడి చెవిలో నా సంగతి చెప్పమని ఆ మనిషి దాన్ని అడుగుతాడు.

మా దృష్టిలో ఇది జాషువా తన రచనా పద్ధతినే బొమ్మ కట్టి చూపించడం. తాను వెళ్లలేని చోటికి తన మాటను పంపడమే ఆయన జీవితమంతా చేసిన పని. సభలోకి మనిషిని రానివ్వలేదు. పద్యం మాత్రం వెళ్లింది. పండితుడి ఇంట్లోకి ఆయనను రానివ్వని రోజుల్లో, ఆ పండితుడి నోట్లోకి ఆయన పద్యం దూరింది. కవిత్వం విని మెచ్చుకుని, వెంటనే కులం అడిగి, తెలుసుకున్నాక మొహం తిప్పుకున్నవాళ్ల గురించి ఆయన పద్యాల్లోనే చెప్పుకున్నారు. పద్యం విన్నప్పుడు వాళ్ల చెవికి అంటు అంటలేదు. పేరు విన్నాకే అంటింది. అంటరానితనం ఎంత అబద్ధమో ఇంతకంటే పెద్ద రుజువు ఏం కావాలి?

కొందరు ఈ కాలంలో ఇంకోలా అంటుంటారు. పద్యం బ్రాహ్మణీయ రూపం, దాన్ని పట్టుకోవడమే లొంగిపోవడం అని. వాళ్ల కోపం మాకు అర్థమవుతుంది. కానీ పద్యాన్ని ఎవరు ఎందుకు వాడారో చూడకుండా తీర్పు చెప్పకూడదు. తాళం వేసినవాడి దగ్గరే తాళంచెవి ఉంటే అది వాడి ఇల్లే. ఆ తాళంచెవి బయటివాడి చేతికి వచ్చిన రోజున అది వాడి ఇల్లు కూడా అవుతుంది. జాషువా కొడవలిని పట్టుకున్నంత పనితనంతో పద్యాన్ని పట్టుకున్నారు. 1966లో తన జీవిత కథను నా కథ అన్న పేరుతో రాసినప్పుడు కూడా పద్యాల్లోనే రాశారు. అప్పటికి తెలుగులో ఆత్మకథకు వచనం అలవాటైపోయింది. అయినా తన బతుకు తన తాళంలోనే భద్రంగా ఉంటుందని ఆయన అనుకున్నట్టుంది.

ఇక గోదావరికి తిరిగి వద్దాం. రాజమండ్రి పక్కన కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి, తిరుపతి వేంకట కవుల్లో ఒకరు. అవధాన విద్యలో ఆ జంట పేరు చెబితే తెలుగుదేశమంతా తలవంచేది. కాగితం లేకుండా సభలో పద్యం కట్టే ఆ విద్యకు పెద్దదిక్కు అయిన చెళ్లపిళ్ల, తన చేతులతో జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. ఏ అవధాన సభలో కుర్రవాడిని కులం పేరుతో తోశారో, ఆ అవధాన విద్య ఇలా ఆయన పాదం దగ్గరికి వచ్చింది. చెళ్లపిళ్ల పెద్దమనసును మెచ్చుకుందాం. కానీ ఆ గౌరవాన్ని ఎవరో దానంగా ఇచ్చినట్టు చెప్పుకోవద్దు. ఒక్కో గణం, ఒక్కో యతి చొప్పున జాషువా సంపాదించుకున్నది అది.

1970లో పద్మభూషణ్ వచ్చింది. అంతకుముందు 1964లో క్రీస్తు చరిత్రకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, ఆంధ్రప్రదేశ్ శాసనమండలి సభ్యత్వం వచ్చాయి. 1970లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది. 1971 జూలై 24న గుంటూరులో ఆయన కన్నుమూశారు.

ఇప్పుడు మన చేతిలో ఉన్నవి

మూడు రూపాయల జీతగాడి దగ్గర లేనివి ఇప్పుడు మన పిల్లల దగ్గర చాలానే ఉన్నాయి. ఫోనులో తెలుగు కొట్టుకోవచ్చు. చెబితే అదే రాసుకుంటుంది కూడా. కాకినాడ బస్సులో నిలబడే ఒక కథ మొదలుపెట్టవచ్చు. అయినా పేటల్లో చాలామంది రాయడం మొదలుపెట్టరు. రాయడానికి ప్రత్యేకమైన గది, ప్రత్యేకమైన భాష, ప్రత్యేకమైన మనిషి కావాలన్న భయం ఇంకా పోలేదు. రచయిత అనగానే కళ్లకు కట్టే బొమ్మ ఇప్పటికీ పడకకుర్చీలో పడుకున్న పెద్దమనిషిదే.

అంబేద్కర్ దాదర్‌లో రాజగృహం కట్టించుకున్నది పుస్తకాల కోసం. చివరి రోజుల్లో, ఒళ్లు సహకరించకపోయినా, బుద్ధుడి మీద పుస్తకం కోసం కూర్చుని రాస్తూనే ఉన్నారు. ఆయనకు కావలసింది పుస్తకాల గది, దాన్ని సాధించుకున్నారు. జాషువాకు చేతికందినది ఛందస్సు, దాన్ని గది చేసుకున్నారు. ధర్మన్నకు పాట. వీటిలో ఏ ఒక్కటే సరైన పద్ధతి అని మేం చెప్పం. ఎవరి చేతికి ఏది అందితే దాన్ని పట్టుకోవడం, పట్టుకున్నదాన్ని పూర్తిగా నేర్చుకోవడం, ఎవరైనా తోస్తే అది పట్టుకునే నిలబడడం. ముగ్గురిలోనూ మాకు కనిపించిన అలవాటు ఇది.

రాసింది పైకి చదివి చూసుకోవడం కూడా మన పిల్లలు జాషువా దగ్గర తీసుకోవాల్సిన అలవాటు. మన అమ్మమ్మల సామెత, మన తాతల కథ, నాట్లు వేసేటప్పుడు పాడుకునే పాట, ఇవన్నీ చెవి మీద నడిచినవే. పైకి చదివినప్పుడు నాలుక తడబడిన చోటే రాత తడబడింది. ఆ పరీక్షకు డబ్బు అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

చివరగా పేరు సంగతి. జాషువా శ్మశానవాటి పద్యాలు సత్యహరిశ్చంద్ర నాటకంలోకి వెళ్లాయి. కాటి సీనులో, వీరబాహుడికి అమ్ముడుపోయి కాపలా కాస్తున్న హరిశ్చంద్రుడు ఆ పద్యాలు ఎత్తుకుంటాడు. తెలుగునాట ఊరూరా, జాతరల్లో, తిరునాళ్లలో, రాత్రంతా ఆడిన నాటకం అది. హార్మోనియం శ్రుతి మీద నటుడు రాగం తీస్తుంటే జనం ఒన్స్‌మోర్ కొట్టి మళ్లీ మళ్లీ పాడించుకున్నారు. చావు ముందు రాజూ కూలీ ఒకటే అన్న సంగతి విని కళ్లు తుడుచుకున్నవాళ్లలో, తెల్లారి లేచి మాదిగవాడిని అరుగు ఎక్కనివ్వనివాళ్లు ఎంతమందో! నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతంది, కాబట్టి పద్యాలూ ఆయనవే అనుకున్నవాళ్లు చాలామంది. పద్యం అన్ని ఊళ్లూ తిరిగింది. పేరు మాత్రం చాలా ఊళ్ల పొలిమేర దగ్గరే ఆగిపోయింది.

ఆషాఢంలో పెద్దాపురం మరిడమ్మ జాతర వస్తుంది. గోదావరి జిల్లాల్లో ఎక్కడైనా మైకులో కాటి సీను పద్యం వినబడితే పక్కనున్నవాళ్లకు చెప్పండి. పిల్లలుంటే వాళ్లకు మరీ గట్టిగా చెప్పండి. ఈ పద్యం గుర్రం జాషువాది అని.